రెండు గడపల కొండ

ఆ కొండ మీద కొత్త మనిషి కనబడితే పేరు అడగరు. "ఏ గడప?" అని అడుగుతారు. పేరుదేముంది, ఎవరైనా పెట్టుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. గడప అలా కాదు, తల్లి కడుపులోంచి రావాలి. ఉన్నవి రెండే గడపలు. అక్క గడప, చెల్లి గడప.

రెండే ఎందుకంటే దానికో కథ ఉంది. ఎప్పుడో, ఏళ్ళు లెక్కపెట్టేవాళ్ళు పుట్టకముందు, కొండకు అవతల ఏదో పెద్ద ఆపద వచ్చింది. కరువని కొందరంటారు, సైన్యం వచ్చి మీద పడిందని కొందరంటారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక మేకను తోలుకుంటూ శిఖరం దాటి ఇటువైపు దిగారు. అక్క నీటి ఊట పక్కన ఇల్లు కట్టుకుంది, చెల్లి ఎండ తగిలే బండ పక్కన కట్టుకుంది. మరి మొగుళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని మాత్రం అడక్కూడదు. చిన్నపిల్లలు అడుగుతారు, మొట్టికాయ తిని ఊరుకుంటారు. ఆ ఇద్దరి సంతానమే ఆ కొండ జనమంతా. ఇన్ని తరాలు గడిచినా పట్టుమని వెయ్యిమంది లేరు.

అక్క గడపవాళ్ళు చెల్లి గడపవాళ్ళనే పెళ్ళాడాలి. ఒకే గడపలో పెళ్ళంటే తోడబుట్టినవాళ్ళు చేసుకున్నట్టే. ఇళ్ళూ పొలాలూ ఆడవాళ్ళవి, పెళ్ళయిన మగవాడు పెళ్ళాం ఇంటికే వచ్చి ఉంటాడు. మనదగ్గర ఇల్లరికపుటల్లుడంటే నలుగురూ మూతి తిప్పుతారు గానీ, అక్కడ అందరూ ఇల్లరికమే కాబట్టి ఎవరి మూతీ తిరగదు. వరసలన్నీ గడపను బట్టే. మన గడపదైతే అక్క, పిన్ని, తమ్ముడు. అవతలి గడపదైతే అత్త, వదిన, బావ. రెండింటిలో ఏదో తెలియని మనిషిని ఏమని పిలవాలో పాపం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

అలాంటి మనిషి ఆ కొండ మొత్తానికి ఒక్కతే ఉంది. ఆమెను 'దొరికిన పిల్ల' అనేవారు. తల నెరుస్తున్నా ఇంకా అలాగే అంటున్నారు.

ఆమె పసిగుడ్డుగా ఉన్నప్పుడు, ఒక వానాకాలం, కొండచరియ విరిగి రెండు చిన్న ఊళ్ళ మీద పడింది. ఒకటి అక్క గడపవాళ్ళది, పక్కనే ఇంకొకటి చెల్లి గడపవాళ్ళది. మనుషులు, మేకలు, ఇళ్ళు అన్నీ కలిసి ఒకే బురదగా కిందికి జారిపోయాయి. తేనె పట్టే కుర్రాడొకడు మర్నాడు లోయలోకి దిగి వెతుకుతుంటే, బోర్లా పడిన గడ్డి తట్ట కింద పిల్ల కనబడింది. ఒంటి మీద నూలుపోగు లేదు, గొంతు మాత్రం పోలేదు. తిట్టినట్టే ఏడ్చిందని ఆ కుర్రాడు ముసలివాడై తేనె పెద్దాయన అయ్యాక కూడా చెప్పుకునేవాడు. ఏ ఊరి పిల్లో చెప్పడానికి రెండు ఊళ్ళలోనూ ఒక్కరు మిగల్లేదు.

పెద్దలు కూర్చుని వంతులు వేశారు. ఏడాదికో ఇల్లు. ఆ విధంగా ఆమె అందరి పిల్ల అయింది. వినడానికి ఎంతో బాగుంటుంది ఈ మాట. అందరి పిల్ల అంటే జ్వరం వస్తే ఆ ఏడాది ఇంటివాళ్ళు చూస్తారు, అల్లరి చేస్తే మాత్రం అన్ని ఇళ్ళవాళ్ళూ తిడతారు. అన్నం దగ్గర ఎవరూ లోటు చేయలేదు. ఆ జనం మంచివాళ్ళు, ఆ మాట ఒప్పుకోవాలి. లోటల్లా పిలుపు దగ్గర వచ్చింది.

చెల్లి గడపలో అందరికంటే మాట చెల్లే ఇంట్లో ఉన్న ఏడాది, ఆ ఇంటి కూతురూ ఈమె ఒకే ఈడువాళ్ళు కావడంతో ఒకే కంబళి కింద పడుకునేవారు. ఒకరోజు ఆ పిల్ల నోరు జారి "అక్కా" అంది. తల్లి చటుక్కున వచ్చి మూతి మీద ఒకటి వేసింది. రేపు అవతలి గడపదని తేలితే? పోనీ వదినా అందామంటే, ఇవతలి గడపదని తేలితే అది ఇంకా పెద్ద తప్పు. ఇక చేసేదేముంది, ఇద్దరూ "ఒసేయ్"తోనే సరిపెట్టుకున్నారు. అక్కడ వదినామరదళ్ళు కలిస్తే వేళాకోళాలతో ఇల్లు ఎగిరిపోతుంది. దొరికిన పిల్లను ఆటపట్టించే హక్కు ఎవరికీ లేదు. అందరూ మర్యాదగా మాట్లాడేవారు. చిన్నపిల్లతో మర్యాదగా మాట్లాడటం కంటే పెద్ద శిక్ష ఇంకోటి ఉంటుందా?

నలుగురూ చేరినప్పుడు పెద్దగదిలో అక్క గడపవాళ్ళు ఒకవైపు, చెల్లి గడపవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. ఈమె ఎప్పుడూ నీళ్ళ జగ్గు పట్టుకుని తిరుగుతుండేది. పని చేసే మనిషిని ఎక్కడ కూర్చుంటావని ఎవరూ అడగరు కదా. ఆ ఉపాయం ఆమెకు చాలా చిన్నప్పుడే తెలిసిపోయింది.

వయసొచ్చాక అక్క గడప కుర్రాడొకడు ఆమెను చేసుకుంటానన్నాడు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. చెల్లి గడప కుర్రాడు అడిగినా అదే మాట అనేవాళ్ళు. ఆ కుర్రాడు ఒక వానాకాలం దిగులుపడి, తర్వాతి వానాకాలానికి వేరే పిల్లను చేసుకున్నాడు. ఆమె కొండ దిగిపోయింది.

పట్నంలో చీపుర్ల షెడ్డులో పని దొరికింది. కొండగడ్డి కట్టలు లారీల్లో వస్తాయి. మూతికి గుడ్డ కట్టుకుని వాటిని దులపాలి, పొడుగూ పొట్టీ వేరు చేయాలి, పిడికెడేసి తీసి కుచ్చులు సర్ది, వైరుతో బిగించి, మొదళ్ళు సమంగా నరకాలి. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా గడ్డిరంగులోకి మారిపోతాయి. అక్కడ ఎవరూ గడప అడగలేదు. ఎవరి దగ్గు వాళ్ళది, ఎవరి పీట వాళ్ళది.

ఒకరోజు గడ్డి లారీ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. దాని కింద దూరిన మెకానిక్ పొద్దంతా బయటికి రాలేదు, రెండు కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఈమె ఊడ్చుకుంటూ వచ్చి "కాళ్ళు ఎత్తు" అంది. అతను ఎత్తాడు. "అప్పట్నుంచీ ఎత్తమన్నప్పుడల్లా ఎత్తుతూనే ఉన్నాను" అంటాడు అతను, ఎవరు అడిగినా అడక్కపోయినా. పెళ్ళికి ముందు ఆమె తన సంగతి మొత్తం చెప్పేసింది. అతను నూనె చేతులు తుడుచుకుంటూ విని, "నాకు మా ముత్తాత పేరు కూడా తెలియదు. నీకు కొంచెం ఎక్కువ తెలియదు, నాకు కొంచెం తక్కువ తెలియదు, అంతే కదా" అన్నాడు. ఆ మాటతో ఆమె సగం బతుకు తేలికైపోయింది.

టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో కాపురం. రబ్బరు వాసన మొదట్లో తలనొప్పి తెప్పించేది, తర్వాత అది లేకపోతే నిద్రపట్టేది కాదు. ఒక్కతే కూతురు. పెద్దదై ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పనికి కుదిరింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఊరందరికీ చెప్పి చెప్పి, ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడేది.

ఆ కూతురే ఒక సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ, "అమ్మా, కొండ మీదికి జీపు నడిపే అబ్బాయి ఉన్నాడు చూడు" అంది.

"ఉంటే?"

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం."

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. ఏ ప్రశ్న అంటే ఒళ్ళుమంటో ఆ ప్రశ్నే నోట్లోంచి వచ్చింది. "ఏ గడప?"

"చెల్లి గడప. నీతో కలిసి పెరిగిందే, ఆవిడ కొడుకు."

తను అక్క గడపదైతే ఏ గొడవా లేదు, లక్షణంగా చేసుకోవచ్చు. చెల్లి గడపదైతే ఆ అబ్బాయి తన కూతురికి అన్న. సగానికి సగం. తనకు జరిగింది తనతోనే పోతుందని ఇన్నేళ్ళూ ధైర్యంగా ఉంది. ఇప్పుడది మెట్లెక్కి డాబా మీదికి వచ్చింది. నా కడుపున పుట్టిన పాపానికి దీని పెళ్ళి ఆగిపోతుందా అనుకుంది.

ఆ అబ్బాయి వాళ్ళ అమ్మమ్మకు చెప్పాడు. అమ్మమ్మంటే ఆనాడు కూతురి మూతి మీద కొట్టిన పెద్దావిడే. చెల్లి గడపకు ఇప్పుడు ఆవిడ మాటే చట్టం, ముక్కుమీదే కోపం. "ఆ పిల్ల తల్లిని తీసుకురా. పెద్దగదిలో అందరి ముందూ అడుగుతాను. ఏ గడపో తన నోటితో చెప్పమను" అందట.

ఆ కబురు వెనకే ఇంకో కబురు వచ్చింది, తేనె పెద్దాయన దగ్గర్నుంచి. "నువ్వు దొరికిన చోటు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అక్క గడప ఊరి వైపే దొరికిందని చెప్పేస్తాను. నువ్వు ఊరికే తలూపు, చాలు."

షెడ్డులో పక్కపీట మీద కూర్చునే ఆమెకు ఇది చెబితే, "ఊపు మరి. తలేమైనా ఊడిపోతుందా?" అంది.

మెకానిక్‌ను అడిగితే, "నీ ఇష్టం. తలూపడంలో నా అంత అనుభవం నీకు లేదు, కావాలంటే నేర్పిస్తా" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ మాట అన్నాక అతనికీ రాలేదు.

వెళ్ళే రోజు పొద్దున అద్దం ముందు నిలబడి తలూపి చూసుకుంది. బాగానే వచ్చింది. కష్టమైన పనేమీ కాదు.

పెద్దగది ఏమీ మారలేదు. మధ్యలో నడవ, అటూ ఇటూ చాపలు, పొగచూరిన వాసాలు, మధ్యాహ్నపు ఎండ తలుపులోంచి సగం దాకా పరుచుకుని ఉంది. జీపులో ఊగి ఊగి వచ్చిన మెకానిక్ చెప్పుల పక్కన కూలబడ్డాడు. కూతురు నేల వంక చూస్తోంది. తల్లి చేతిలోకి నీళ్ళ జగ్గు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"జగ్గు కింద పెట్టు. ఏ గడప నువ్వు?" అంది పెద్దావిడ.

ఆమె నోరు తెరిచే లోపే తేనె పెద్దాయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "నేను చెబుతాను. నాకు దొరికింది అక్క గడప..." అంటూ ఆగి, మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తేనెలో నీళ్ళ చుక్క కలపడం కూడా తెలియని మనిషి, ముసలితనంలో తన కోసం తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వంక చూసింది. తలూపితే అయిపోతుంది. కూతురికి పెళ్ళవుతుంది. ఆ తర్వాత పుట్టే పిల్లల మొహాలు చూసినప్పుడల్లా, నిజంగా చెల్లి గడపేమో అనే పురుగు తనను తొలుస్తూనే ఉంటుంది. తనకు గడప లేకపోవడం ఒక బాధ. దొంగ గడపలో మనవల్ని ఎత్తుకోవడం తన వల్ల కాదు.

"నాకు తెలియదండీ," అంది ఆమె. "పెద్దాయనకూ తెలియదు. నా మీద ప్రేమ కొద్దీ చెబుతున్నారు. ఆయన్ని ఏమీ అనకండి."

కూతురు తలెత్తి తల్లి వంక చూసింది. ఆ చూపు తట్టుకోవడం ఆమెకు చాలా కష్టమైంది.

తేనె పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు. పెద్దావిడ తన అరచేతులు చూసుకుంది.

"అబద్ధం చెబుతుందనుకున్నాను," అంది చివరికి. "చెబితే పొమ్మందామని అనుకున్నాను. ఆ తలుపు వేయండి ఎవరైనా."

తలుపు వేశారు.

"అక్కచెల్లెళ్ళ కథ అందరికీ వచ్చు కదా? ఒక్క మాట చెప్పండి. అక్క పిల్లలూ చెల్లెలి పిల్లలూ ఏమవుతారు?"

"అన్నాచెల్లెళ్ళు," అన్నారు ఎవరో.

"మరి వాళ్ళకి పెళ్ళిళ్ళు ఎట్లా అయ్యాయి?"

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజమే కదా. ఒకే తల్లి బిడ్డలైతే ఇద్దరిదీ ఒకే గడప. వాళ్ళ పిల్లలు పెళ్ళాడితే ఏ తప్పు జరగకూడదని ఇన్ని తరాలుగా కాపలా కాస్తున్నారో, ఆ తప్పు మీదే కొండ మొత్తం నిలబడి ఉందన్నమాట. చిన్నప్పట్నుంచీ విన్న కథ. మొగుళ్ళ గురించి అడిగి మొట్టికాయలు తిన్నారే గానీ, ఈ సంగతి ఒక్కడికీ తట్టలేదు.

"వాళ్ళు సొంత అక్కచెల్లెళ్ళు కారు," అంది పెద్దావిడ. "శిఖరం ఎక్కేటప్పుడు అక్క ఒక్కతే. దారిలో బండ చాటున పసిపిల్ల ఏడుస్తూ కనబడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎవరి పిల్లవని పసిగుడ్డును అడిగితే ఏం చెబుతుంది? ఎత్తుకుంది, పెంచుకుంది. నలుగురూ అడిగితే నా చెల్లెలు అంది. ఆ పిల్ల కడుపున పుట్టినవాళ్ళం మేము. మా మొదటమ్మ కూడా దొరికిన పిల్లే."

చెల్లి గడప వైపు ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. పెద్దావిడ చెయ్యెత్తేసరికి సద్దుమణిగాయి.

"ఇది మాలో పెద్దదానికొక్కదానికే చెబుతారు. పోయేముందు ఆవిడ తర్వాతిదానికి చెబుతుంది. ఎప్పటికీ బయటపెట్టబోమని అక్క గడపవాళ్ళు మా వాళ్ళకి ఒట్టేశారు. ఏం పెద్దాయనా, అక్క గడపలో పెద్దవాడివి, నిజం కాదూ?"

"నేనెప్పుడూ వినలేదే," అన్నాడు తేనె పెద్దాయన, నోరు తెరిచి.

అక్క గడపవాళ్ళు నిఖార్సయిన మనుషులు. ఒట్టు ఎంత గట్టిగా నిలబెట్టుకున్నారంటే, దేని గురించి వేసుకున్నారో అదే మరిచిపోయారు.

"కాబట్టి ఎవరి పిల్లో తెలియనిదానికి గడప తనతోనే మొదలు. దొరికిన పిల్లది ఈ గడపా కాదు, ఆ గడపా కాదు," అంది పెద్దావిడ. "మా మొదటమ్మతో రెండో గడప మొదలైంది. దీనితో మూడోది మొదలవుతుంది. దీని కూతురు ఎవర్ని చేసుకున్నా తప్పులేదు." ఆ తర్వాత ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నీకు సంబంధం వచ్చిన రోజే చెప్పాల్సింది. మేము దొరికినదాని పిల్లలమని నలుగురి ముందు అనడానికి నోరు రాలేదు. పరువు అడ్డొచ్చింది. ఇవాళ నువ్వు తెలియదని అంత తేలిగ్గా అనేసరికి నాకు సిగ్గేసింది."

తేలిగ్గా ఏమీ అనలేదని చెబుదామనుకుంది ఆమె. గుండెల మీద ఇన్నేళ్ళుగా ఉన్న బరువు ఒక్కసారిగా దిగితే హాయిగా ఉంటుందనుకుంటాం. ముందు కళ్ళు తిరుగుతాయి. ఆమె గోడ పట్టుకుంది. కూతురు వచ్చి భుజం పట్టుకుని, మందుల కిటికీ గొంతుతో "కూర్చో, ఊపిరి తీసుకో, మెల్లగా" అంది. అంటూనే ఏడ్చేసింది.

ఈలోగా చెప్పుల దగ్గర మెకానిక్ వేళ్ళు మడుస్తూ లెక్కలో పడ్డాడు. "ఆగండాగండి. మూడో గడపంటే, ఈ గదిలో ఉన్నవాళ్ళంతా అవతలి గడపవాళ్ళేగా? అంటే మా ఆవిడకు అందరూ అత్తలూ మామలేనా?"

అవును. అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ లెక్కన ఆమె ఉత్తమత్వం ఆ మధ్యాహ్నంతో గంగలో కలిసింది. ఒక కొండెడు అత్తలు. మూలన కూర్చున్న ఒక ముసలమ్మ, ఆమెకు పసితనంలో పాలిచ్చినావిడ, మొహం ముడుచుకుంది. "నా పాలు తాగిన పిల్లకి నేను అత్తనా?" అని సణిగింది. "అయితే ఏం, కోడల్ని పెంచుకున్నావనుకో" అని తేనె పెద్దాయన సర్దిచెప్పాడు. చెప్పి, కొంచెం సిగ్గుపడుతూ ఆమెను "కోడలా" అని పిలిచి చూశాడు. లోయలోంచి ఎత్తుకొచ్చిన ఇన్నేళ్ళకు ఆయనకు పిలవడానికి ఒక పిలుపు దొరికింది.

అబ్బాయి తల్లి, ఆ కంబళి కింది పిల్ల, ఇప్పుడు బాగా ఒళ్ళు చేసింది. ఆవిడ చెల్లి గడప వైపు నుంచి లేచి నడవ దాటి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆమెను కిందా మీదా చూసింది. గదిలో ఆడవాళ్ళందరూ చెవులు రిక్కించారు, ఏం రాబోతోందో వాళ్ళకి తెలుసు.

"వదినా," అంది ఆవిడ. ఆ మాటను నాలుక మీద ఒకసారి రుచి చూసినట్టు ఆగింది. "మా వాడు మీ ఇంటికే వస్తున్నాడు. వాడికి ఊడ్చే పని మాత్రం పెట్టకు. మీ షెడ్డు చీపుర్లు రెండూడ్పులకే రాలిపోతాయటగా?"

ఇలాంటివి ఆమె పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వింటూనే ఉంది, పక్కవాళ్ళు పక్కవాళ్ళను అనుకుంటుంటే. నీళ్ళు అందిస్తూ, వాటికి తనైతే ఏం జవాబు చెప్పేదో మనసులో అనుకుని, అక్కడే మింగేసేది.

"చీపురుదేం తప్పు వదినా," అంది. "పట్టుకున్న చేతిలో పస ఉండాలి. మీ ఇంట్లో పొద్దున్నే ఎవరు లేస్తారో, ఎవరు కంబళి కప్పుకుని నిద్ర నటిస్తారో నాకు తెలియదా?"

గది గొల్లుమంది. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్ నవ్వి నవ్వి గోడకు చేరగిలబడ్డాడు. ఆమె మాత్రం నవ్వలేదు. ఇంకొకటి అంటుందేమోనని, వదిన మొహంలోకి ఆశగా చూస్తూ నిలబడింది.